రెండవ జింక

"ఒక్క దెబ్బకు రెండు పిట్టలు" అను మాట మన యిండ్లలో తరచుగా వినబడునదే. పట్టణములో వ్యాజ్యపు పని చూచుకొని, ఆ త్రోవనే కుమార్తె యింట భోజనము చేసి వచ్చిన పెద్దమనిషి ఆ మాట చెప్పి సంతోషించును. ఒకే పందిరి క్రింద ఇద్దరు పిల్లల పెండ్లిండ్లు జరిపిన తండ్రియు అదే చెప్పును. చెప్పువారిలో పిట్టను కొట్టి యెరిగినవారు అరుదు. కొట్టబడిన ఆ రెండు పిట్టలను గూర్చి తలంచినవారు ఇంకను అరుదు. మన దేశములో 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత వినోదపు వేటకు తలుపు మూయబడినది గాని, మాట మాత్రము నిలిచియున్నది.

నిజముగానే ఒక గుండుతో రెండు జంతువులను పడగొట్టినవారు ఇతర దేశములలో కలరు. వారి అనుభవమును కొంచెము నెమ్మదిగా విచారింతము. చేయదలచనిదానికి మనుష్యుడు ఎంతవరకు ఉత్తరవాది అను పాత ప్రశ్న అందులో దాగియున్నది.

అమెరికాలో ఆకులు రాలు కాలము వచ్చినప్పుడు లక్షలాది జనులు ప్రభుత్వపు అనుమతి పుచ్చుకొని తెల్లతోక జింకల వేటకు పోవుదురు. ఒక్కొక్క జింకకు ఒక్కొక్క చీటి యుండును. జింక పడిన వెంటనే ఆ చీటిని దానికి కట్టుటయో, దాని లెక్కను అధికారులకు తెలుపుటయో చేయవలెను. తెల్లవారుజామున వేటగాడు చెట్టుమీది మంచెపై కదలక కూర్చుండును. ఒక ఆడజింక పొదలోనుండి బయటికి వచ్చి ప్రక్క చూపి నిలుచును. అతడు ఊపిరి బిగబట్టి గురిచూచి కాల్చును. జింక ఎగిరి అడవిలోనికి పరుగెత్తును. అతడు కొంత సమయము ఆగి, క్రిందికి దిగి, నెత్తుటి జాడ పట్టుకొని పోగా నూరు గజముల లోపలనే అది పడియుండును. ఇంతవరకు అతడు కోరినట్లే జరిగినది. అయితే అది మొదట నిలిచిన చోటికి తిరిగి వచ్చి చూచినప్పుడు అక్కడ రెండవ జాడ యొకటి మరియొక దిక్కునకు పోవుచుండును. ఎండుటాకుల రంగులో కలిసిపోయి, మొదటి జింక వెనుకనే మరియొకటి నిలిచియుండెను. అతడు దానిని చూడలేదు. గుండు చూచినది.

ఇంకొక విధముగను జరుగును. కాల్చినను జింక అక్కడనే నిలిచినట్లు కనబడును. గురి తప్పినదనుకొని అతడు మరల కాల్చును. వెళ్ళి చూడగా గడ్డిలో రెండు జింకలు ప్రక్కప్రక్కనే యుండును. మొదటిది పడగా, దాని వెనుకనున్నది ఆ చోటికి అడుగు వేసినది. అక్కడ గుండ్లు రెండు, తలంపు ఒకటే.

ఇది మంత్రము కాదు. రైఫిలు గుండు గొట్టము వెడలునప్పుడు సెకనుకు సుమారు 800 మీటర్ల వేగముతో పోవును. జింక రొమ్మును దాటుటకు దానికి సెకనులో వెయ్యవ వంతైనను పట్టదు. వేటకై చేసిన గుండు మాంసములో చొచ్చినప్పుడు మొన విచ్చుకొని పుట్టగొడుగువలె వెడల్పగును, తన బలములో చాల భాగము అక్కడ విడుచును. కాని పెద్ద ఎముక తగలక ప్రక్కటెముకల నడుమ దూరినయెడల మిగిలిన బలముతో అవతలికి పోవును. మొన విచ్చుకొనక నిండు తొడుగుతో నుండు సైనికుల గుండు ఇంకను సుళువుగా దాటిపోవును. అట్టి గుండ్లతో జింకలను కాల్చగూడదని అక్కడి అనేక రాష్ట్రములు నియమము పెట్టినవి.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. మొదటి జింకకు తగిలిన గుండు చూచి తగిలించినది. గుండెయో ఊపిరితిత్తులో పగిలి అది త్వరగా చచ్చును. రెండవదానికి తగిలినది అట్లు కాదు. ఆ గుండు అప్పటికే వంకరయై, వేగము తగ్గి, ఎటో తిరిగి, కడుపులోనో తొడలోనో తగులవచ్చును. కడుపులో దెబ్బ తిన్న జింక గంటలకొలది బ్రదుకును, ఒక్కొక్కప్పుడు మరునాటివరకును బ్రదుకును. వేటగానికి రెండవ జింక అదృష్టము. జింకకు మాత్రము మొదటిదాని చావే మేలు.

మనుష్యునికి లెక్క అనిన నిషా. 1785లో మొదట ఇంగ్లండులో అచ్చయి, తరువాత పెరుగుచు వచ్చిన బారన్ మంఛౌసెన్ కథలలో ఆ ప్రభువు తుపాకి మందు దట్టించు ఇనుపకడ్డీనే కాల్చి కౌజులను వరుసగా గ్రుచ్చినట్లున్నది. 1812లో గ్రిమ్ సోదరులు ప్రకటించిన కథలలో ఒక దర్జీ ఒక్క దెబ్బకు ఏడింటిని చంపితినని తన నడికట్టు మీద కుట్టుకొని లోకమెల్ల తిరుగును. చచ్చినవి ఈగలని అతడు చెప్పడు! మన ఊళ్ళలోను ఇట్టి నడికట్లు కట్టుకొని తిరుగువారు లేకపోలేదు.

నవ్వు పుట్టింపని చరిత్రయు కలదు. 19వ శతాబ్దములో అమెరికా తూర్పు తీరమున చెసపీక్ అఖాతమందు అంగడికొరకు అడవిబాతులను చంపువారు ఒక విధమైన మహా తుపాకిని వాడిరి. గొట్టము మనుష్యునికన్న పొడవు. భుజమున పెట్టి కాల్చుటకు వీలుకానంత బరువు గనుక దానిని చదునైన చిన్న దోనెకు బిగించిరి. అర్ధసేరు పైబడిన సీసపు గుళ్ళు ఒక్కసారిగా అందులో దట్టించెదరు. రాత్రివేళ వేటగాడు దోనెలో బోర్ల పండుకొని, చప్పుడు కాకుండ నీటిని తోసికొనుచు, నీళ్ళమీద నిద్రించు బాతుల గుంపునకు సమీపించి ఒక్కసారి కాల్చును. ఏబది పక్షులును అంతకు మించియు ఆ యొక్క దెబ్బకు పడెడివి. పట్టణపు భోజనశాలలకు వాటిని పంపి సొమ్ము చేసికొనెడివారు. రాష్ట్రములు ఒకటొకటిగా అడ్డుపడెను. 1918లో వలసపక్షుల చట్టము వచ్చుటతో అమెరికాలో అడవిపక్షులను చంపి అమ్ము వ్యాపారము అంతమాయెను. ఇంగ్లండులో దోనె తుపాకి నేటికిని పూర్తిగా పోలేదు. దాని గొట్టపు నోరు ఒకటిముప్పావు అంగుళమునకు మించరాదని 1981వ సంవత్సరపు చట్టము కొలత పెట్టినది.

ఆ దోనెవారిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. వారు చేయదలచినదే చేసిరి. వారికి పక్షి కనబడలేదు, తూకము కనబడినది. మనలను తొందరపెట్టు ప్రశ్న వారిది కాదు. ఒకదానినే కోరి రెండింటిని చంపినవానిదే ఆ ప్రశ్న.

"నేను దానిని గురిచూడలేదు" అని అతడు చెప్పును. ఇది అబద్ధము కాదు. తామస్ అక్వినాస్ అను క్రైస్తవ పండితుడు 13వ శతాబ్దములోనే, ఒక క్రియకు రెండు ఫలితములు కలుగవచ్చుననియు, మనుష్యుడు ఉద్దేశించినదానిని బట్టియే ఆ క్రియ యొక్క గుణము ఏర్పడుననియు వాదించెను. ప్రాణరక్షణకై ఎదిరించినవాని చేతిలో దొంగ చచ్చినయెడల, అతడు కోరినది తన ప్రాణమే గాని దొంగ చావు కాదని ఆయన వివరణ. అయితే అవసరమునకు మించిన బలమును వాడినయెడల అది న్యాయము కాదనియు ఆయనే చేర్చెను. ఈ రెండవ మాటను జనులు మరచుదురు. కోరలేదని చెప్పుట సుళువు. కోరకపోయినను జరుగునేమో అని చూచితివా అని అడిగినప్పుడే నోరు తడబడును.

గుంపులోనికి కాల్చువారి సంగతి చూడుడి. పక్షుల వేటలో వాడు తుపాకి తూటాలో ఒక గుండు కాదు, రెండు వందలకు పైగా చిన్న సీసపు గుళ్ళు ఉండవచ్చును. అవి పోయినకొలది విచ్చుకొని విస్తరించును. మంచి వేటగాండ్లు తమ కుమారులకు మొదట నేర్పునది ఇది: గుంపును కాల్చకుము, ఒక పక్షిని ఏర్పరచుకొనుము. గుంపును కాల్చువాడు ఏ పక్షినిగాని గురిచూడలేదు గనుక, ఏ పక్షి గాయపడినను "దానిని నేను కోరలేదు" అని చెప్పుకొనవచ్చును! డెన్మార్కులో 1990లలో శాస్త్రజ్ఞులు ఆర్కిటిక్ ద్వీపములనుండి వలస వచ్చు గులాబికాళ్ళ బాతులను బ్రదికియుండగనే పట్టి ఎక్స్-రే తీసిరి. పెద్ద పక్షులలో మూడవ వంతునకు పైగా ఒంటిలో సీసపు గుళ్ళు మోయుచు తిరుగుచుండెను. అవి ఎవరును లెక్క వ్రాసికొనని దెబ్బలు. పడిన పక్షిని ఎత్తుకొని వేటగాడు సంతోషముగా ఇంటికి పోయెను. దాని ప్రక్కది గుంపుతో కూడ ఎగిరిపోయెను. ఆ చిత్రములు చూచిన తరువాత 1997లో అక్కడ, దూరమునుండి కాల్చవద్దను బోధ దేశమంతట మొదలుపెట్టగా, గాయపడిన పక్షుల సంఖ్య తగ్గెను. వేటగాండ్లు అంతకు ముందు క్రూరులని నేననుకొనను. వారికి ఎగిరిపోయిన పక్షి ఎప్పుడును కనబడలేదు, అంతే.

మోషే ధర్మశాస్త్రము ఈ విషయములో సూక్ష్మముగా నడచును. గోతిని త్రవ్వి మూయక విడిచినవాడు అందులో పడి చచ్చిన ఎద్దుకు వెల యియ్యవలెను. మిద్దె కట్టినవాడు పైన పిట్టగోడ కట్టవలెను. వీరిద్దరిలో ఎవరును ఎవనినిగాని చంపగోరలేదు. అయితే చూడవలసినది ముందుగా చూడలేదు. వీరికంటె వేరైనవాడొకడు ద్వితీయోపదేశకాండములో కనబడును. అతడు పొరుగువానితో కూడ అడవికి కట్టెలు కొట్టబోవును. గొడ్డలి పిడినుండి ఊడి పొరుగువానికి తగిలి చంపును. పగ లేదు, పన్నాగము లేదు. అట్టివాని నిమిత్తము ఆశ్రయపురములు ఏర్పరచబడెను, మొత్తము ఆరు. అతడు హంతకుడు కాడు గనుక అతనికి మరణశిక్ష లేదు. అయితే అతడు ఏమియు జరుగనట్లు సాయంకాలమున గొడ్డలి భుజమున పెట్టుకొని ఇంటికి పోవుటకును వీలులేదు. ఆ పురమునకు పారిపోయి, తన సంగతి పెద్దలకు విన్నవించి, ప్రధానయాజకుడు మృతినొందువరకు అక్కడనే నివసింపవలెను.

ప్రతిహంతకుని చేతినుండి తప్పించుటకే ఇది అని కొందరందురు. అదియు నిజమే. కాని అంత మాత్రమే అయినయెడల ఆ సంవత్సరముల నివాసము ఏల? చేయనిదానికి శిక్ష కూడదు. చేసినదానిని చేయలేదనుటయు కూడదు. ఈ రెంటి నడుమ ఒక చోటున్నదని, ఆ చోటికి ఒక ఊరిపేరు పెట్టి దారి వేసి చూపినట్లు నాకు తోచుచున్నది. మన కాలములో బెర్నార్డ్ విలియమ్స్ అను ఆంగ్ల తత్త్వజ్ఞుడు 1976లో దాదాపు ఇదే చెప్పెను. ఏ తప్పును లేకుండ లారీ నడుపుచుండగా బిడ్డ అడ్డువచ్చి చచ్చినయెడల, ఆ డ్రైవరు పడు బాధ ప్రక్కన చూచినవారి బాధవంటిది కాదు. మనము అతనిని ఓదార్చవలసినదే. కాని అతడు ఒక్క క్షణములో ఓదార్పు పొంది, "నా తప్పు లేదుగదా" అని భోజనమునకు కూర్చున్నయెడల మనకే ఒళ్ళు జలదరించును.

మన దేశపు కథలలో దశరథుని బాణము అందరెరిగినదే. చీకటిలో నీటి చప్పుడు విని ఏనుగనుకొని ఆయన శబ్దమును బట్టి కొట్టెను. తగిలినది అంధులైన తలిదండ్రులకు నీళ్ళు ముంచుచున్న మునికుమారునికి. కుమారుని విని ఆ వృద్ధులును ప్రాణములు విడిచిరి. ఒకే బాణము, మూడు ప్రాణములు. చూడనిదానిని కొట్టుట ఆ రాజు దోషము. దానిని ఎవరును కాదనరు. కాని ఈ కథలో నన్ను ఆపునది బాణము కాదు, తరువాతి నడక. ఆర్తనాదము విని ఆయన చీకటిలో గుఱ్ఱములను తోలుకొని పోవచ్చును. అడవిలో చూచినవాడు లేడు. అయినను ఆ చప్పుడు వైపే నడచెను. బాలుని మాట విని, కడవలో నీళ్ళు నింపుకొని, ఆ గ్రుడ్డివారి యెదుట నిలిచి, మీ కుమారుడు కానివాడను, అతనిని చంపినవాడనని తన నోటనే తెలిపెను. ఆ కడవ మోసిన దూరము ఎంతో మనకు తెలియదు.

ఇప్పుడు అమెరికా అడవిలో రెండవ జాడను చూచి నిలిచిన మనిషియొద్దకు తిరిగి పోదము. అతనియొద్ద ఒకటే చీటి ఉన్నదనుకొనుడి. చుట్టు ఎవరును లేరు. అతని యెదుట మూడు త్రోవలున్నవి. మొదటిది, ఆ జాడను చూడనట్లు మొదటి జింకను ఈడ్చుకొని పోవుట. నక్కలును కాకులును మిగిలిన పని చూచుకొనును. రెండవది, రెండింటిని రహస్యముగా ఇంటికి చేర్చి, పండుగ భోజనములో ఒక గుండు కథ చెప్పి మెప్పు పొందుట. మూడవది, ఆ జాడ పట్టుకొని పోయి, జింక ఇంకను బ్రదికియున్నయెడల దాని బాధను ముగించి, అధికారికి కబురు పంపి, జరిగినది జరిగినట్లు చెప్పుట. అధికారి నమ్మవచ్చును, నమ్మకపోవచ్చును. రెండవ జింకను తీసికొనిపోవచ్చును, జరిమానా వేయవచ్చును. ఒక్కొక్క చోట అట్టి మాంసమును అక్కరగలవారికి పంచిపెట్టుదురు. ఏదైనను మూడవ త్రోవలో అతనికి వచ్చు లాభము ఏమియు కనబడదు.

మొదటి రెండు త్రోవలు ఒకదానికొకటి విరోధమైనవిగా కనబడును. ఒకడు దాచును, ఒకడు చాటును. అయినను ఇద్దరికిని రెండవ జింక లెక్కలోనిది కాదు. ఒకనికి అది జరుగనే లేదు. ఇంకొకనికి అది తన గురికి దొరికిన బహుమానము. దాని కడుపులోని గుండు తనదని ఒప్పుకొనువాడు మూడవవాడే.

ఇంతకు ఇది జింకయే గదా అని ఎవరైన అనవచ్చును. ఆక్షేపణ తేలికైనది కాదు. అమెరికాలో తెల్లతోక జింకలు నేడు సుమారు మూడు కోట్లున్నవని అంచనా. చలికాలపు ఆకలితోను, మోటారు బండ్లు తగిలియు చచ్చునవి లెక్కకు మించినవి. ఆ మనిషియొద్ద రెండు చీటీలు ఉండినయెడల రెండవదానిని సంతోషముగా కాల్చియుండెడివాడే! అప్పుడు లేని చిక్కు ఇప్పుడేల? నిజమే, జింకల మందకు భేదము లేదు. చచ్చిన జింకకును చీటి ఉన్నదా లేదా అను విచారము లేదు. భేదమంతయు కాల్చినవానిలోనున్నది. చూచి కాల్చినవాడు ఆ చావును చేతులార పుచ్చుకొనినవాడు. చూడకుండ జరిగినదానిని పుచ్చుకొనుటకు ఇంకొక క్రియ కావలెను. అది తుపాకి మ్రోగిన తరువాత చేయవలసినది. ఆ క్రియ చేయువరకు రెండవ జింక ఎవరిదియు కాని చావు చచ్చుచుండును.

మనలో చాలమంది తుపాకి ముట్టినవారము కాము. కాని తరగతిలో ఒక బాలుని మొద్దు అని పిలిచిన ఉపాధ్యాయుడు, వాని వెనుక బల్లమీద తల వంచుకొనిన మరియొకని చూచునా? ఒక కూలివానిని పనిలోనుండి తీసివేసిన కామందు ఆ సాయంకాలము ఆ యింటి పొయ్యిని చూచునా? వారు గురిచూచినది ఒకనినే. గురి న్యాయమైనదే కావచ్చును కూడ. ఆ మాట, ఆ ఆజ్ఞ, ఎవనిలో ఆగెనో వెళ్ళి చూచినవారు మాత్రము కొద్దిమందియే.

ఆ అడవులలో నేటి దినమున వేట నేర్వబోవు బాలురకు తరగతులు పెట్టి, పరీక్ష చేసి, అటుతరువాతనే అనుమతి యిచ్చుట వాడుక. అక్కడ మొదట నేర్పు పాఠములలో ఒకటి, కొట్టదలచినదానినే కాక దాని వెనుకనున్నదానిని కూడ తెలిసికొనవలెనని. ద్వితీయోపదేశకాండములోని చిన్న విధి యొకటి దీనికి చుట్టమువంటిది. త్రోవలో పక్షిగూడు కనబడి, తల్లి పిల్లలమీదనో గ్రుడ్లమీదనో కూర్చుండినయెడల, రెండింటిని కలిపి పట్టుకొనరాదు. పిల్లలను పుచ్చుకొనవచ్చును గాని తల్లిని పోనియ్యవలెను. ఆవునుగాని గొఱ్ఱెనుగాని దాని పిల్లతో ఒక్క దినమందే వధింపగూడదని లేవీయకాండములో నున్నది. చంపవద్దని ఈ విధులు చెప్పుటలేదు. రెండును ఒక్క చేతిలో పడినప్పుడు ఒకదానిని విడువుమని చెప్పుచున్నవి.

జింక తన పిల్లతో నిలిచినప్పుడు ఓపికగల వేటగాడు చేయునది చూడదగినది. గురి కుదిరియుండును, వ్రేలు గుఱ్ఱముమీద నుండును. ఆమె వెనుక ఆకులలో చెవి కదలినట్లుండును. అతడు కాల్చడు. ఆమె రెండడుగులు ముందుకు వేసి విడిపడునేమోనని కాచుకొనును. పిల్లయు రెండడుగులు వేయును. సూర్యుడు క్రుంకుచుండును, చలికి వ్రేళ్ళు కొంకర్లు పోవును, చట్టము ఏర్పరచిన వేళ గడచును. జింకలు రెండును మేయుచు మేయుచు చీకటి పొదలలోనికి పోవును. అతడు తుపాకిలోని గుండును బయటికి తీసి, జేబులో వేసికొని, చెట్టు దిగును.